ఓడలో రాత్రి భోజనానికి విశాఖలో కుట్టించిన బట్టలు: ఒక సమీక్ష

గత డిసెంబరులో మా కుటుంబం నుండి ఆరుగురం సింగపూర్‌లో ఓడ ఎక్కి, పెనాంగ్, పుకెట్ చూసుకొని, నాలుగు రాత్రుల తరువాత మళ్లీ సింగపూర్‌లోనే దిగాము. ఓడ గురించీ, అది ఆగిన ఊళ్ల గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను రాయదలచినది ఆ నాలుగు రాత్రులూ భోజనశాలకు మేము కట్టుకొని వెళ్లిన బట్టల గురించి. ముఖ్యంగా వాటిలో ఎక్కువ భాగం కుట్టిన, విశాఖ డాబాగార్డెన్స్‌లోని దర్జీ గారి పని గురించి, ఒక సూటును అద్దెకు ఇచ్చిన మరో దుకాణం గురించి. ప్రయాణానికి రెండు నెలల ముందు నుండి ఈ విషయంలో మేము పడిన ఆందోళన గానీ, పెట్టిన ఖర్చు గానీ తక్కువేమీ కాదు. అందులో సగం అనవసరమని ఓడ ఎక్కిన తరువాతనే తెలిసింది. మా తరువాత వెళ్లేవారికి ఆ సగమైనా మిగలాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

విశాఖ వారికి చాలాకాలం ప్రయాణికుల ఓడ అంటే పోర్ట్ బ్లెయిర్ ఓడే. రెండున్నర రోజుల ఆ ప్రయాణంలో బంకు మీద పడుకొని, భోజనాల వేళకు వరుసలో నిలబడి పళ్లెం అందుకొన్నవారు మా వీధిలోనే ముగ్గురు నలుగురు ఉన్నారు. అక్కడ ఏ బట్టలతో వచ్చారని అడిగేవారు లేరు, అడగవలసిన అవసరమూ లేదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ అనే విహార ఓడ (క్రూయిజ్) విశాఖ నుండి పుదుచ్చేరి, చెన్నైలకు నడిచింది. 2023 సెప్టెంబరులో మన పోర్టులో రెండు వేల మంది ప్రయాణికులకు సరిపడే అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సింగపూర్‌కు ఇక్కడి నుండి నేరుగా విమానం ఉండడం వల్ల అక్కడ ఓడ ఎక్కుదామనుకొనే కుటుంబాలూ పెరిగాయి. అలా వెళ్లేవారు నన్ను మొదట అడుగుతున్నది శాకాహారం దొరుకుతుందా అని. దొరుకుతుంది, ముందుగా చెప్పి ఉంచితే బాగానే వండుతారు. రెండో ప్రశ్న బట్టల గురించి. దానికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు.

క్రూయిజ్ ఓడల్లో పగలు ఎవరి ఇష్టం వారిది. నిబంధనలన్నీ సాయంత్రం తరువాత, అందునా ప్రధాన భోజనశాలకూ, విడిగా డబ్బు చెల్లించి తినే కొన్ని హోటళ్లకూ వర్తిస్తాయి. పై అంతస్తులో బఫే ఉంటుంది. అక్కడికి మామూలు ప్యాంటు, చొక్కాతో, పంజాబీ డ్రస్సుతో వెళ్లి కడుపు నిండా తిని రావచ్చు. కనుక సరైన బట్టలు లేనందువల్ల ఓడలో పస్తు ఉండవలసిన పరిస్థితి ఎవరికీ రాదు. ప్రధాన భోజనశాలలో మాత్రం ఈత దుస్తులు, చేతులు లేని బనియన్లు, చాలా చోట్ల పొట్టి నిక్కర్లు, రబ్బరు చెప్పులు ఒప్పుకోరు. ఇది దాదాపు అన్ని సంస్థలకూ ఉమ్మడి నియమం. దాని పైన కొన్ని సంస్థలు ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులు ముస్తాబై భోజనానికి రమ్మంటాయి; వాటినే ఫార్మల్ అనో, గాలా అనో అంటారు. ఇందులో ఎవరి పద్ధతి వారిది. కునార్డ్ ఓడల్లో గాలా రాత్రులంటే నల్ల డిన్నర్ సూటు, పొడవాటి గౌను కనబడతాయి. కార్నివాల్ వారు అయిదు రోజుల లోపు ప్రయాణానికి ఒకటి, అంతకు మించితే రెండు అలంకార రాత్రులు పెడతారు. సెలబ్రిటీ సంస్థ 2015 చివరలో ఫార్మల్ రాత్రులను తీసివేసి, కొంచెం సడలింపు ఉన్న మరో పద్ధతికి మారింది. నార్వీజియన్ సంస్థ 2000 సంవత్సరం నుండే ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు, ముస్తాబు కావాలన్న బలవంతం లేకుండా తినవచ్చునన్నది. వైకింగ్ సముద్ర ఓడల్లో ఫార్మల్ రాత్రి అనేదే లేదు. అందుచేత టికెట్టు కొన్నవెంటనే మొదట చూడవలసినది ఆ సంస్థ తన ప్రయాణికులకు ఇచ్చే సూచనల పత్రం. మేము ఆ పని చివరన చేశాము.

చివరన చేయడానికి కారణం ఉన్నది. టికెట్లు తీసిన ఏజెంటు, మగవారికి సూటు, టై తప్పనిసరి అని, అవి లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారని గట్టిగా చెప్పారు. మా మామగారికి ఎనభై ఒకటో ఏడు. జీవితంలో పంచె, లాల్చీ తప్ప మరొకటి కట్టి ఎరుగరు. ఆయన ఆ మాట విని, "అయితే మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాను" అన్నారు. ఆ ఒక్క మాటతో ప్రయాణం మొత్తం ఆగిపోయేదే. మా పై అంతస్తులో నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ చేసిన కమాండర్ గారు ఉంటారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కనుక, ఏ విందుకు ఏ దుస్తులన్న సంగతి తెలిసిన ఇళ్లు ఇక్కడ వీధికి ఒకటైనా ఉంటాయి. మేము మొదటే ఆయనను అడగవలసింది. ఆయన మా మామగారి పక్కన కూర్చొని చాలా ఓపికగా చెప్పారు: "మాస్టారూ, ఓడలో దుస్తుల మర్యాద పుట్టిందే చల్లని దేశాల వారి దగ్గర. వాళ్లే ఎర్ర సముద్రం దాటుతున్నప్పుడు వేడికి ఆగలేక కోటు తీసేసి, తెల్ల చొక్కా మీద నడుముకు పట్టీ కట్టుకొని భోజనానికి కూర్చున్నారు. దానికి రెడ్ సీ రిగ్ అని పేరే పెట్టుకొన్నారు, ఇప్పటికీ నౌకాదళాల్లో అది మర్యాద దుస్తుల కిందే లెక్క. మనవాళ్లు కూడా 2024లో ఆఫీసర్ల మెస్సుల్లోకి కుర్తా, పైజామా రానిచ్చారు. మీ పంచెకు వచ్చిన లోటేమీ లేదు." ఆ తరువాత ఆయన మా చేత ఆ ఓడ సంస్థ సూచనల పత్రం తెరిపించారు. సూటు, డిన్నర్ జాకెట్ అన్న మాటల పక్కనే, ఎవరి దేశపు సంప్రదాయ మర్యాద దుస్తులైనా వేసుకోవచ్చునని స్పష్టంగా ఉంది. కునార్డ్ వంటి కట్టుబాటు గల సంస్థ కూడా దీనిని అంగీకరిస్తుంది. ఏజెంటు ఈ వాక్యాన్ని చదవలేదో, చదివి చెప్పలేదో నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే మా అల్లుడికి అద్దె సూటు బాధ తప్పేది.

అప్పటికే అల్లుడి సూటుకు అడ్వాన్సు ఇచ్చేశాము. మా వారికి మాత్రం బంద్‌గలా, అంటే మెడ దాకా మూసి ఉండే కోటు, కుట్టించాలని నిర్ణయించి, డాబాగార్డెన్స్‌లో లోపలి సందులో ఉన్న దర్జీ గారి దగ్గరకు వెళ్లాము. ఆయన, ఇద్దరు కుర్రవాళ్లు, మూడు మిషన్లు, అంతే దుకాణం. ఉన్న పనే తీర్చలేకపోతున్నానని, పేరు ఎక్కడా రాయవద్దని ఆయన కోరినందున రాయడం లేదు. ఆ సందులో బంద్‌గలా కుట్టే ముసలాయన ఎవరని అడిగితే చూపిస్తారు.

కొలతలు తీసుకొనే ముందు ఆయన అడిగిన మొదటి ప్రశ్న నన్ను ఆకట్టుకుంది. "ఇది వేసుకొని నిలబడతారా, కూర్చుంటారా అయ్యగారూ?" అన్నారు. పెళ్లిలో అయితే గంటల తరబడి నిలబడి చేతులు కలుపుతారు, భోజనానికి అయితే రెండు గంటలు కూర్చుంటారు, రెండింటికీ కుట్టు ఒకటి కాదని వివరించారు. మా వారిని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ముందుకు చాపి, అన్నం కలుపుతున్నట్టు పట్టమని అప్పుడు చేతి పొడవు కొలిచారు. మెడ పట్టీ దగ్గర చూపుడువేలు దూరేంత వదులు వదిలారు. కూర్చున్నప్పుడు కోటు ముందు భాగం పొట్ట దగ్గర ఉబ్బకుండా కింది బొత్తాన్ని కొంచెం పైకి జరిపారు. భుజాలకు, రొమ్ముకు మాత్రమే లైనింగ్ వేసి వీపు కింది భాగాన్ని వదిలేశారు. విశాఖలో తరువాత కూడా వేసుకోవాలంటే నిండా లైనింగ్ పెడితే ఉక్కపోతకు పెట్టెలోనే ఉండిపోతుందని చెప్పారు. లోపలి వైపు గుండె దగ్గర ఒక చిన్న జేబు అడిగి పెట్టించుకున్నాము. ఓడలో గది తాళం, డబ్బు చెల్లింపు, గుర్తింపు అన్నీ ఒకే కార్డుతో నడుస్తాయి. ఆ జేబు నాలుగు రోజులూ ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

బట్ట మేమే కొని ఇచ్చాము. ముదురు నీలం టెర్రీవూల్, కోటుకు ప్యాంటుకు కలిపి మూడుంబావు మీటర్లు, 4,800 రూపాయలు. కుట్టుకూలి 5,500. పదిహేను రోజుల్లో ఇస్తానని ఇరవై నాలుగో రోజున ఇచ్చారు. ఇది చెప్పుకోవలసిన లోపమే, ఎందుకంటే ఆ తొమ్మిది రోజుల్లో నేను నాలుగు సార్లు ఆ సందుకు తిరిగాను. రెండు సార్లు తొడిగించి చూశారు. మొదటిసారి ఎడమ భుజం కొంచెం జారినట్టు ఉంటే నేను గమనించక ముందే ఆయనే సుద్దతో గీసి విప్పేశారు. ప్యాంటు అడుగు మాత్రం అర అంగుళం ఎక్కువ దిగింది, ఇంట్లో నేనే మడిచి కుట్టాను.

ఫార్మల్ రాత్రి మా ఓడలో రెండో రోజున వచ్చింది. భోజనశాల మొదటి వరుస ఆరింటికి, రెండో వరుస ఎనిమిది దాటాక, మాది రెండోది. మూడు అంతస్తుల ఎత్తున్న హాలు, తెల్లటి బల్లగుడ్డలు, ఒక్కొక్కరి ముందు అంతులేనన్ని చెంచాలు. అక్కడ ఉన్న మగవారిలో నిండు సూటు వేసుకొన్నవారు నా లెక్కకు మూడో వంతు కూడా లేరు. మిగిలిన వారు ఇస్త్రీ మడత నలగని పొడుగు చేతుల చొక్కా, మంచి ప్యాంటు, తోలు బూట్లతో వచ్చారు. మా బల్లకు వడ్డించిన ఇండోనేసియా యువకుడు మా వారి కోటు చూసి, ఇది మీ దేశపు దుస్తులా అని అడిగి, చాలా బాగుందన్నాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రెండు గంటలు కూర్చున్నా మా వారు ఒక్కసారి కూడా మెడ దగ్గర సర్దుకోలేదు, బొత్తం విప్పలేదు. వంటవారు మా కోసం చేసి పంపిన పప్పు, అన్నం చేత్తో కలుపుకొని తింటున్నప్పుడు కోటు చెయ్యి మణికట్టు దాటి రాలేదు. అన్నం కలుపుతున్నట్టు పట్టమని కొలిచిన ఆ కొలత విలువ నాకు అప్పుడు అర్థమైంది. ఆ కోటును ఆ తరువాత ఇక్కడ రెండు పెళ్లిళ్లకు, ఒక పదవీ విరమణ సభకు వేసుకున్నారు. కొన్న డబ్బుకు ఇంత తృప్తి ఇచ్చిన వస్తువు మా ఇంట్లో ఈ మధ్య మరొకటి లేదు.

అద్దె సూటు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ఆ దుకాణం వారు నాలుగు వేల రూపాయల అద్దె, దానికి సమానంగా డిపాజిట్ తీసుకున్నారు. సైజు సరిచేసి ఇస్తామని చెప్పి, చంకల దగ్గర పైపైన రెండు కుట్లు వేసి ఇచ్చారు. ఎన్నాళ్ల నుండి మూసి ఉంచారో, కలరా ఉండల వాసన సింగపూర్ చేరినా పోలేదు. భోజనానికి కూర్చోగానే మా అల్లుడు కోటు ముందు బొత్తం ఊడి పళ్లెం పక్కన పడింది. ఆ అబ్బాయి నెమ్మదస్థుడు, ఏమీ అనలేదు గానీ, మిగతా రాత్రంతా చేతులు దగ్గర పెట్టుకొనే తిన్నాడు. తిరిగి ఇచ్చినప్పుడు ఆ బొత్తం మేమే పోగొట్టామని డిపాజిట్‌లో కోత పెట్టారు. పైగా సూటు బరువు, దాన్ని నలగకుండా పట్టుకెళ్లడానికి పెట్టిన గుడ్డ సంచీ బరువు విమానంలో విడిగా లెక్కకు వచ్చాయి. ఒక్క సాయంత్రం కోసం సూటు అద్దెకు తీసుకోవడం కంటే, ఉన్నవాటిలో మంచి పొడుగు చేతుల చొక్కా, ముదురు ప్యాంటు ఇస్త్రీ చేయించుకొని వెళ్లడం అన్ని విధాలా మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఆడవారి విషయానికి వస్తే, చీర కట్టుకొనేవారు ఏ ఓడకైనా, ఏ రాత్రికైనా నిశ్చింతగా వెళ్లవచ్చు. ఫార్మల్ అన్నా, గాలా అన్నా, స్మార్ట్ క్యాజువల్ అన్నా చీర అన్నింటికీ సరిపోతుంది. బట్టను, అంచును మార్చుకొంటే చాలు. అయితే ఏ చీర అన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. నేను ఫార్మల్ రాత్రికి కంచి పట్టు తీసుకెళదామనుకొని, బరువు చూసి మానుకొని, ఉప్పాడ జమ్దానీ పెట్టుకున్నాను. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున నేసే ఈ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పువ్వులన్నీ మగ్గం మీదే చేత్తో నేతలో కలిపి వేస్తారు కనుక వెనుక వైపు దారాలు వేలాడవు, ఉంగరాలకూ గాజులకూ తగులుకోవు. మడత పెడితే చేతి సంచీలో పట్టేంత పలచన. రెండు రోజులు పెట్టెలో ఉండి తీసినా, స్నానాల గదిలో వేడి నీళ్ల ఆవిరి దగ్గర అరగంట వేలాడదీస్తే మడతలు చాలావరకు పోయాయి.

ఈ ఆవిరి సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, క్రూయిజ్ ఓడల్లో గదుల్లోకి ఇస్త్రీ పెట్టెలను సాధారణంగా అనుమతించరు. సముద్రం మధ్యలో నిప్పు కంటే పెద్ద భయం లేదు కనుక ఆ నియమం సబబైనదే. సామాను తనిఖీలో కనబడితే తీసి ఉంచుకొని దిగేటప్పుడు ఇస్తారు. కొన్ని ఓడల్లో ప్రయాణికులే ఉతుక్కొని, ఇస్త్రీ చేసుకొనే గది ఉంటుంది; మా ఓడలో లేదు. డబ్బు చెల్లిస్తే వారే చేసి తెస్తారు గానీ, ఫార్మల్ రాత్రి మధ్యాహ్నం ఇస్తే ఆ సాయంత్రానికి అందుతుందన్న భరోసా లేదు. ఇది తెలియక నేను గంజి పెట్టిన మంగళగిరి నూలు చీరలు రెండు తీసుకెళ్లాను. అవి ఇంట్లో ఎంత దర్జాగా ఉంటాయో, పెట్టెలో నలిగి బయటికి వచ్చాక అంత నీరసంగా కనబడ్డాయి. నూలు చీరలు నాకు ప్రాణం, అయినా ఓడ భోజనానికి గంజి చీర పట్టుకెళ్లవద్దనే చెబుతాను.

జాకెట్లు కూడా ఆ దర్జీ గారి దగ్గరే కుట్టించాను, ఒక్కొక్కటి తొమ్మిది వందలు. మోచేయి వరకు చేతులు పెట్టించడం మంచి నిర్ణయమైంది. భోజనశాలలో ఏసీ చలి ఎంతగా ఉంటుందంటే, విశాఖలో జనవరిలో కూడా శాలువా కప్పుకోని నేను రెండో రాత్రి అమ్మాయి దగ్గర శాలువా అడిగి తీసుకున్నాను. అమ్మాయి తన కోసం చేతులు లేని పొడవాటి గౌను కొనుక్కొంది. చూడడానికి ఎంతో బాగుంది గానీ, శాలువా నేను తీసుకున్నాక గంటసేపు వణికింది. ఏ బట్టలు కట్టుకొన్నా ఒక పలచటి ఉన్ని శాలువా మాత్రం వెంట ఉండాలి.

చీర కట్టులో ఓడకు తగిన మార్పులు కొన్ని అవసరం. కుచ్చిళ్లు ఇంట్లో కట్టుకొనే దానికంటే అంగుళంన్నర పైకి ఉండాలి, ఎందుకంటే నేల స్థిరంగా ఉన్నట్టే ఉండి ఒక్కోసారి కొద్దిగా ఒరుగుతుంది. డెక్కు మీదికి వెళ్లే తలుపుల దగ్గర గడపలు ఎత్తుగా ఉంటాయి. పమిటను భుజం మీద ఒక పిన్నీసుతో వదిలేయకుండా, లోపలి వైపు నుండి రెండోది పెట్టాలి. భోజనం తరువాత ఫోటోల కోసం డెక్కు మీదికి వెళ్లినప్పుడు గాలికి నా కొంగు పక్కన నిలబడిన పెద్దమనిషి ముఖాన్ని పూర్తిగా కప్పేసింది. ఆయన మర్యాదస్థుడు కనుక నవ్వి ఊరుకున్నాడు. ఒడిలో పరిచే బల్లగుడ్డ రుమాలు పట్టు మీద నిలవదు, జారిపోతూనే ఉంటుంది, ఒక కొస నడుము దగ్గర దోపుకోవాలి. మడమ చెప్పులు అసలు వద్దు. కాలికి పట్టీ ఉన్న చదును చెప్పులు చీర కింద ఎవరికీ కనబడవు, నడవడానికి ధైర్యంగా ఉంటుంది. నగల గురించి ఒకటే మాట: మంగళసూత్రాలు, సన్నటి గొలుసు, చెవులకు ఉన్నవి చాలు. గదిలో చిన్న లాకర్ ఉంటుంది నిజమే గానీ, నాలుగు రాత్రుల కోసం బంగారం మోసుకెళ్లి ప్రతి రేవులోనూ దాని గురించే ఆలోచించడం మనశ్శాంతికి మంచిది కాదు.

మూడో రాత్రి భోజనానికి అందరూ తెల్ల బట్టలు వేసుకొని రావాలని ఆ ఉదయం గదికి వచ్చిన కాగితంలో ఉంది. ఇలాంటి రంగుల రాత్రులు చాలా ఓడల్లో పెడుతుంటారు, పాటించకపోయినా ఎవరూ ఆపరు. మా అత్తగారు ఆ కాగితం చదివించుకొని చాలాసేపు మాట్లాడలేదు. పసుపు కుంకుమలతో ఉన్న మనిషి నిండు తెల్ల చీర కట్టుకొని పది మందిలో కూర్చోవడమన్నది ఆవిడ ఊహకు అందని విషయం. ఆ కాగితం రాసినవారికి మన దగ్గర తెలుపుకు ఉన్న అర్థం తెలియకపోవడం తప్పు కాదు. కానీ మన కుటుంబాల నుండి పెద్దవారిని తీసుకెళ్లేవారు దీనిని ముందే ఊహించి ఒక చీర పెట్టుకోవాలి. అదృష్టవశాత్తు ఆవిడ పెట్టెలో మీగడ రంగు గద్వాల చీర ఉంది. ఒళ్లు నూలు, అంచూ కొంగూ ఎర్రటి పట్టు. అది కట్టుకొని, ఎర్ర గాజులు వేసుకొని, పెద్ద బొట్టుతో ఆవిడ హాలులోకి వస్తుంటే పక్క బల్లల వారు తల తిప్పి చూశారు. ఆవిడ మనసూ నొచ్చుకోలేదు, ఓడ వారి మాటా నిలబడింది.

ఆ రాత్రి అసలు గౌరవం మాత్రం మా మామగారిది. పొందూరు ఖద్దరు పంచె, అదే ఖద్దరుతో దర్జీ గారు కుట్టిన లాల్చీ, భుజం మీద జరీ అంచు కండువా. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో సన్నఖాదీకి పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. చేత్తో వడికిన ఆ నూలు ఎంత సన్నగా ఉంటుందంటే, పంచె నలిగినా ఆ నలుగుడు కూడా ఒక అందంగానే కనబడుతుంది. గుమ్మం దగ్గర ఆపుతారేమోనని ఆయన ముందు నన్ను నడవమన్నారు. 2014లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరిని వేష్టి కట్టుకొని వచ్చారని చెన్నైలోని ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు; ఆ వెంటనే తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలు చెల్లవని చట్టమే చేయవలసి వచ్చింది. ఆ వార్త మామగారికి బాగా గుర్తు, ప్రయాణానికి ముందు రెండు మూడు సార్లు ఆ ప్రస్తావన తెచ్చారు. మన దేశంలోనే అలా జరిగినప్పుడు పరాయి ఓడలో ఏమవుతుందోనన్నది ఆయన బెంగ. గుమ్మం దగ్గర నిలబడిన ఫిలిప్పీన్స్ అమ్మాయి చేతులు జోడించి, నమస్తే అని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకొని బల్ల దాకా తీసుకెళ్లింది. ఆయన కూర్చున్నాక కండువా సర్దుకొని, "ఏమ్మా, నన్ను ఆపలేదే" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో కనబడిన వెలుగు నేను మరచిపోలేను.

పంచె కట్టుకొనేవారికి ఒక సూచన: గోచీ పోసి కట్టడం కంటే మామూలు అడ్డకట్టు మీద నడుముకు సన్నటి బెల్టు పెట్టుకోవడం క్షేమం. లాల్చీ కప్పేస్తుంది కనుక బెల్టు కనబడదు. దర్జీ గారు లాల్చీకి రెండు పక్కలా లోతైన జేబులు పెట్టారు, కళ్లజోడు, మందుల పొట్లం, కార్డు అన్నీ అందులోనే ఇమిడాయి. లాల్చీ కుట్టుకూలి ఏడు వందలు.

మొదటి రాత్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు టెర్మినల్‌లోనే తీసుకొని, గది నంబరు చీటీ కట్టి, మధ్యాహ్నం నుండి సాయంత్రం లోపల ఒక్కొక్కటిగా గదుల ముందుకు చేరుస్తారు. మా ఆరు పెట్టెల్లో రెండు రాత్రి ఎనిమిది గంటలకు గానీ రాలేదు. అందుకే చాలా ఓడల్లో మొదటి రాత్రికి ఫార్మల్ పెట్టరు. చివరి రాత్రీ పెట్టరు, ఎందుకంటే ఆ రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టేయాలి. అయినా విమానం దిగి, ఎండలో తిరిగి, చెమట పట్టిన టీ షర్టుతో భోజనానికి కూర్చోవడం బాగుండదు. చేతి సంచీలో ఒక్కొక్కరికి ఒక జత మార్చుకొనే బట్టలు, మందులు పెట్టుకొంటే ఆ సాయంత్రం సుఖంగా గడుస్తుంది. చివరి రాత్రికి కూడా మరుసటి ఉదయం వేసుకొనే జతను బయట ఉంచుకోవాలి. మా అల్లుడు దాన్ని కూడా పెట్టెలో పెట్టేసి, బొత్తం లేని ఆ సూటు ప్యాంటుతోనే సింగపూర్‌లో దిగవలసి వచ్చింది.

మొత్తం మీద దర్జీ గారి పనికి నేను అయిదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ సగం ఆలస్యానికి మాత్రమే, కుట్టుకు కాదు. ఆయన దగ్గర కార్డు యంత్రం లేదు, నగదు గానీ ఫోన్ చెల్లింపు గానీ చేయాలి. గౌన్లు, పాశ్చాత్య పద్ధతి సూట్లు ఆయన చేయి కాదు, ఆ సంగతి ఆయనే ముందుగా చెబుతారు. బంద్‌గలా, లాల్చీ, జాకెట్టు కావలసిన వారికి మాత్రం నిస్సందేహంగా చెబుతాను, వెళ్లండి. అద్దె సూట్ల దుకాణానికి మళ్లీ వెళ్లను.

ప్రయాణం నుండి వచ్చాక ఫోటో ఒకటి పట్టుకెళ్లి ఆయనకు చూపించాను. కళ్లజోడు పెట్టుకొని, మనుషుల ముఖాలు వదిలేసి, కోటు భుజం దగ్గరే చాలాసేపు చూసి, "ఎడమ పక్క ఇంకో పావు అంగుళం తగ్గించాలమ్మా, తీసుకురండి" అన్నారు. సంక్రాంతి ముందు నెల, పెళ్లిళ్ల మూఢం ముగిసిన వారాలు తప్ప ఎప్పుడైనా కొత్త పని తీసుకొంటారు. జనవరిలో ఓడ ఎక్కేవారు బట్టను నవంబరు మొదట్లోనే ఇచ్చేయాలి.